దెబ్బలు తిన్న కుక్కను ఇంటికి తెచ్చుకుంటున్నారా? ఇలా మొదలుపెట్టండి

మా చుక్కి వయసెంతో మాకు కచ్చితంగా తెలియదు. పళ్లు చూసి, తెచ్చుకునేటప్పటికి నాలుగేళ్లు ఉండొచ్చన్నారు డాక్టర్. హైదరాబాద్‌లో బాచుపల్లి వైపు ఒక అపార్ట్‌మెంట్ కడుతున్నచోట ఇనుము, సిమెంటు ఎవరూ ఎత్తుకుపోకుండా కాపలాకని దాన్ని ఇనుప చువ్వలు కట్టే బైండింగ్ వైరుతో కట్టేశారు. బిల్డింగ్ పూర్తయ్యాక పనివాళ్లు ఇంకో సైటుకి వెళ్లిపోయారు, అది మాత్రం ఆ వైరుతోనే అక్కడే ఉండిపోయింది. మెడ చుట్టూ ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, అక్కడ వెంట్రుకలు రావు.

అది మా ఇంటికొచ్చి మూడేళ్లయింది. "మేం కూడా రెస్క్యూ కుక్కని తెచ్చుకుందామనుకుంటున్నాం, ఏం చేయాలి" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి అంతా ఒకచోట రాస్తున్నాను. ముందుగా ఒక్క మాట. దెబ్బలు తిని వచ్చిన కుక్కకి మొదటి రోజుల్లో మీ ముద్దులు అక్కర్లేదు. ఈ ఇంట్లో తన జోలికి ఎవరూ రారు, మనుషులకి ఎంత దగ్గరగా ఉండాలో తానే చూసుకోవచ్చు అని దానికి అర్థం కావాలి. కింద చెప్పేవన్నీ ఆ ఒక్కదాని కోసమే.

తెచ్చే ముందు

ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి అడగండి, ముఖ్యంగా పగలంతా ఇంట్లో ఉండేవాళ్లని. మా ఇంట్లో నేనూ మా ఆయనా ఆఫీసుకి వెళ్లిపోతాం, రోజంతా దానితో ఉండాల్సింది మా అత్తమ్మ. ఆవిడ ఒప్పుకోకుండా తెచ్చి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. ఇంట్లో ఐదారేళ్ల లోపు పిల్లలుంటే మాత్రం, మనుషులంటే బాగా భయపడే కుక్కని తేవొద్దనే చెప్తాను. పిల్లలు పరిగెత్తుతారు, మీద పడతారు, వాళ్ల తప్పు కాదు, కుక్క తప్పూ కాదు. కానీ దెబ్బ తగిలేది ఇద్దరికీ.

తర్వాత, కుక్కని కాపాడి ఉంచినవాళ్లతో మాట్లాడండి. మన ఊళ్లో అమల అక్కినేని 1992లో మొదలుపెట్టిన బ్లూ క్రాస్ లాంటి సంస్థలు ఉన్నాయి, అంతకంటే ఎక్కువగా తమ ఇళ్లలోనే నాలుగైదు కుక్కల్ని ఫోస్టర్‌గా, అంటే సొంత ఇల్లు దొరికేదాకా తాత్కాలికంగా, ఉంచుకునే మామూలు మనుషులు ఉన్నారు. ఎవరి దగ్గరికి వెళ్లినా "మంచి కుక్కేనా" అని అడగొద్దు, అందరూ మంచిదనే అంటారు. ఇలా అడగండి: ఏం చూస్తే వణుకుతుంది? తింటున్నప్పుడు దగ్గరికి వెళ్తే ఏం చేస్తుంది? ఇప్పటివరకు ఎవరినైనా కరిచిందా, కరిస్తే ఆ ముందు నిమిషంలో ఏం జరిగింది? మగవాళ్లతో ఎలా ఉంటుంది, మిగతా కుక్కలతో, పిల్లులతో? ఎప్పుడైనా ఒంటరిగా ఉందా, ఎంతసేపు? ఏం మందులు వాడారు? కరిచిన సంగతి దాచకుండా చెప్పినవాళ్లని నమ్మండి. అలాంటివాళ్లే రేపు మీరు ఫోన్ చేసినా ఎత్తుతారు.

కనీసం మూడుసార్లు వెళ్లి చూడండి, ఒకసారి పొద్దున, ఒకసారి సాయంత్రం, ఒకసారి మీ ఇంట్లో వాళ్లందరితో. ఈరోజు తీసుకెళ్లకపోతే రేపు రోడ్డు మీదే అని ఎవరైనా తొందరపెడితే, "రెండు వారాలు ఫోస్టర్‌గా ఉంచుకుని చూస్తాం" అనండి. చాలామంది ఒప్పుకుంటారు.

అపార్ట్‌మెంట్ గురించి కూడా చెప్పాలి. జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, మెజారిటీ ఓటుతో తీర్మానం చేసినా సరే, కుక్కల్ని పెంచుకోవద్దని అసోసియేషన్ నిషేధం పెట్టడానికి వీల్లేదు. ఆ కాగితం ఒకటి ప్రింట్ తీసి ఇంట్లో పెట్టుకోండి, కానీ ముందు దాన్ని బయటికి తీయొద్దు. పక్క ఫ్లాట్ వాళ్ల ఇంటికి, వాచ్‌మన్ దగ్గరికి వెళ్లి మామూలుగా చెప్పండి, "మా ఇంటికి ఒక కుక్క వస్తోంది, భయపడే రకం, కొన్నాళ్లు దాన్ని పిలవకండి, ముట్టుకోకండి" అని. మా వాచ్‌మన్ యాదయ్య ఈ ఒక్క మాట పట్టించుకున్నందువల్ల మాకు సగం టెన్షన్ తగ్గింది.

తేదీ కూడా చూసుకోండి. ముహూర్తం కోసం అనడం లేదు. ఆషాఢంలో బోనాలు, తర్వాత గణేశ్ నిమజ్జనం, ఆ తర్వాత దీపావళి. ఈ చప్పుళ్ల పండగలకి ముందు నెలలోపు తేవొద్దు.

డాక్టర్ పని

రేబిస్ టీకా, డిస్టెంపర్, పార్వో లాంటి జబ్బులకి కలిపి ఇచ్చే టీకా, నులిపురుగుల మందు, ఇవి ఎవరైనా చెప్తారు. టీకా కార్డు లేకపోతే వేయనట్టే లెక్క, మళ్లీ మొదలుపెట్టించండి. చెవి అంచున చిన్న గాటు ఉంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయిందని గుర్తు, లేకపోతే కుక్క కాస్త స్థిరపడ్డాక అది చేయించాలి. కుక్కని పెంచుకోవడానికి జీహెచ్‌ఎంసీ ఇచ్చే లైసెన్స్‌కి రేబిస్ టీకా సర్టిఫికెట్ కావాలి, కాబట్టి ఆ కాగితం జాగ్రత్త.

చాలామంది వదిలేసేది రక్త పరీక్ష. మన దగ్గర వీధుల్లో పెరిగిన కుక్కల్లో పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్ చాలా మామూలు. కొన్నిసార్లు అది జ్వరంలా బయటపడకుండా లోపలే నెలల తరబడి ఉంటుంది. కుక్క నీరసంగా, ఎప్పుడూ పడుకునే ఉంటుంది, మనమేమో పాపం భయపడుతోంది, దిగులుగా ఉంది అనుకుంటాం. చుక్కి విషయంలో అదే జరిగింది. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయని పరీక్షలో తెలిసింది, డాక్టర్ రాసిన డాక్సీసైక్లిన్ నాలుగు వారాలు వాడాక గానీ అది అసలు ఎలాంటి కుక్కో మాకు తెలియలేదు. మధ్యలో బాగుందని మాత్రలు ఆపేయొద్దు.

నొప్పి ఉందేమో కూడా చూపించండి. పాత విరుగుళ్లు, పుచ్చిన పళ్లు, చెవిలో చీము, ఇవన్నీ ముట్టుకుంటే కరిచే కుక్కని తయారుచేస్తాయి. నడుము దగ్గర చేయి వేస్తే ఉలిక్కిపడితే, అది స్వభావం అని తేల్చేసే ముందు ఎక్స్‌రే అడగండి. ప్రైవేట్ క్లినిక్ ఖర్చు భారమైతే నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. ఓపిగ్గా క్యూలో నిలబడాలి, అక్కడికి వచ్చే మిగతా కుక్కలకి దూరంగా కార్లోనే కూర్చోబెట్టి, మన వంతు వచ్చాక తీసుకెళ్లండి.

తెచ్చే రోజు

బండి మీద వద్దు, కారు కానీ క్యాబ్ కానీ, ముందే డ్రైవర్‌కి చెప్పి. కొత్త కుక్కలు తప్పించుకునేది ఎక్కువగా మొదటి రోజుల్లోనే, అది కూడా కారు డోరు తీసినప్పుడో ఫ్లాట్ తలుపు తీసినప్పుడో. భయపడ్డ కుక్క వెనక్కి నడుస్తూ మామూలు బెల్టులోంచి తల లాగేసుకోగలదు. అందుకని మెడకి బెల్టు, ఒంటికి హార్నెస్, రెండిటికీ రెండు తాళ్లు, రెండూ ఒకే మనిషి చేతిలో. బెల్టుకి మీ ఫోన్ నంబర్ చెక్కిన బిళ్ల ఆ రోజే ఉండాలి, తర్వాత చేయిద్దాం అనుకోవద్దు. డాక్టర్ దగ్గర మైక్రోచిప్ వేయించగలిగితే ఇంకా మంచిది.

ఇంట్లో ఒక మూల ముందే సిద్ధం చేయండి. బాల్కనీ అస్సలు వద్దు, చప్పుళ్లన్నీ అక్కడే, పైగా గ్రిల్ సందుల్లోంచి దూకే ప్రమాదం. గోడ వెనక ఉండే మూల, ఎవరూ దాటుకుంటూ వెళ్లనిది, మంచం కిందైనా పర్వాలేదు, పాత దుప్పటి, పక్కనే నీళ్లు. ఆ మూలలో ఉన్నప్పుడు దాన్ని ఎవరూ పిలవరు, ఎవరూ ముట్టుకోరు, ఊడవడానికి కూడా అక్కడికి వెళ్లరు. ఇది ఇంట్లో రూల్.

మన ఇళ్లలో మెయిన్ డోరు పొద్దున్నుంచి తీసే ఉంటుంది, పాలవాడు, పనమ్మాయి, డెలివరీ అబ్బాయి. ఇది మారాలి. కుక్క ఇంకో గదిలో ఉంది, ఆ గది తలుపు వేసి ఉంది అని చూసుకున్నాకే బయటి తలుపు తీయడం అలవాటు చేసుకోండి. ఆ రోజు చుట్టాల్ని పిలవొద్దు, స్నానం చేయించొద్దు, బొట్టు పెట్టి హారతి ఇవ్వొద్దు, ఫోటోల కోసం ఎత్తుకోవద్దు. మనకి పండగే, దానికి మాత్రం ఇంకో తెలియని చోటు.

మొదటి వారం

ఏమీ చేయకండి. నిజంగానే, ఇదే అన్నిటికంటే కష్టం.

చుక్కి వచ్చిన మొదటి మూడు రోజులు డైనింగ్ టేబుల్ కిందినుంచి బయటికి రాలేదు. నేను ఆఫీసుకి సెలవు పెట్టి మరీ దాని పక్కన కూర్చుని, మెత్తగా మాట్లాడి, చేత్తో చికెన్ పెట్టబోతే, అది మొహం తిప్పుకుని గోడకి ఇంకా అతుక్కుపోయేది. నాలుగో రోజు మధ్యాహ్నం అది తనంతట తాను లేచి మా అత్తమ్మ దగ్గరికి వెళ్లింది. ఆవిడ కింద చాప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ, దానివైపు ఒక్కసారి కూడా చూడలేదు, పిలవలేదు. అది వెనకనుంచి వచ్చి ఆవిడ చీర కొంగు వాసన చూసి మళ్లీ టేబుల్ కిందికి వెళ్లిపోయింది. ఆవిడ అప్పుడు కూడా తల తిప్పలేదు. నేను వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఏడ్చేశాను.

కాబట్టి అత్తమ్మ చేసిందే చేయండి. నేల మీద, దానికి పక్కకి తిరిగి కూర్చుని, మీ పని మీరు చేసుకోండి. కళ్లలోకి చూడొద్దు. మీదకి వంగొద్దు, తల పైనుంచి చేయి తేవొద్దు. ఉడికించిన చికెన్ ముక్క వేయాలనుకుంటే మీకూ దానికీ మధ్యలో వేయకండి, దానికి వెనకవైపు పడేలా విసరండి. మీకు దూరంగా జరిగితే తిండి దొరుకుతుందన్నమాట, దాంతో దానికి మీరున్నచోట బెదురు తగ్గుతుంది, మళ్లీ తానే తిరిగి వస్తుంది. రోజూ ఒకే టైముకి తిండి, ఒకే టైముకి బయటికి, ఒకే మనిషి.

మొదటి రోజు తినకపోవచ్చు, చాలాసేపు పాసుకి కూడా వెళ్లకపోవచ్చు. రెండో రోజూ ఏమీ ముట్టకపోతే, లేదా వాంతులు, విరేచనాలు ఉంటే డాక్టర్‌కి ఫోన్ చేయండి. తిండి మామూలుగా అన్నం, ఉడికించిన చికెన్, గుడ్డు, కొంచెం పెరుగు, ఉప్పూ మసాలా లేకుండా. ఉల్లిపాయ, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కలకి విషం. బిర్యానీలో మిగిలిన బొక్కలు వేయడం మనకి అలవాటు, ఉడికిన బొక్క చీలి పేగులో గుచ్చుకుంటుంది, వద్దు.

ఇంట్లోనే తప్పు చేస్తే, అంటే హాల్లో పోసేస్తే, తిట్టకుండా తుడిచేయండి. తిడితే అది నేర్చుకునేది మీ ముందు పోయకూడదని, అప్పుడు సోఫా వెనక పోస్తుంది.

భయాల నోటుబుక్

ఒక నోటుబుక్ పెట్టుకుని, ఎప్పుడు దేనికి భయపడిందో రాయండి. రెండు వారాల్లో ఒక పద్ధతి కనిపిస్తుంది. చుక్కి జాబితా ఇది: చీపురు, నీళ్ల పైపు, ఇనుము కింద పడిన చప్పుడు, హెల్మెట్ పెట్టుకున్న మగవాళ్లు. అది ఆ సైటులో ఎలా బతికిందో ఎవరూ చెప్పకుండానే ఆ జాబితా చెప్పింది.

భయం పోగొట్టడానికి దాన్ని ఆ వస్తువు దగ్గరికి లాక్కెళ్లి "చూడు, ఏం కాదు" అనడం మన సహజ గుణం. దానివల్ల భయం పెరుగుతుంది. మేం చేసింది చెప్తాను. చీపురుని హాల్లో ఆ చివర నేల మీద పడుకోబెట్టాం, చుక్కి ఈ చివర. అది చీపురుని చూసిన వెంటనే ఒక చికెన్ ముక్క. చీపురు తీసేస్తే చికెన్ కూడా ఆగిపోతుంది. రోజుకి ఐదు నిమిషాలు, అంతకంటే వద్దు. ఇక్కడ వరస ముఖ్యం, ముందు చీపురు కనిపించాలి, తర్వాత చికెన్ రావాలి. తిప్పి చేస్తే చికెన్ చూసినా భయపడటం మొదలవుతుంది. చికెన్ తినడం మానేసిందంటే మీరు మరీ దగ్గరికి తెచ్చారని అర్థం, ఆ రోజుకి ఆపి, మర్నాడు ఇంకొంచెం దూరంలో మొదలుపెట్టండి. వారం తర్వాత అదే చీపురుని గోడకి నిలబెట్టాం. ఇంకో వారానికి ఎవరో పట్టుకుని కదలకుండా నిలబడ్డారు. ఊడవడం వరకు రావడానికి రెండు నెలలు పట్టింది. హెల్మెట్‌కి ఆరు నెలలు. పైపుకి మాత్రం ఇప్పటికీ భయమే, అందుకని మొక్కలకి మగ్గుతో పోస్తున్నాం. అన్ని భయాలూ పోవాల్సిన అవసరం లేదు, కొన్నిటిని దాని దారిలోంచి తీసేస్తే చాలు.

బాగా బెదిరిన రోజు తర్వాత ఒకటి రెండు రోజులు ఇంట్లోనే ఉంచండి, కొత్తవేమీ పెట్టకండి. ఒక భయం చల్లారకముందే ఇంకోటి వచ్చి పడితే, మామూలుగా పట్టించుకోని చిన్న విషయానికే కరిచే పరిస్థితి వస్తుంది.

గుర్రుమంటే

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. మూడో నెలలో చుక్కి తన గిన్నె దగ్గరికి వెళ్తే గుర్రుమనడం మొదలుపెట్టింది. ఎవరో చెబితే ఒక ట్రైనర్‌ని పిలిచాం. ఆయన "మీరు మెత్తగా ఉన్నారు, అది బాస్ అనుకుంటోంది, గుర్రుమన్నప్పుడల్లా గొలుసు గట్టిగా లాగండి" అన్నాడు. నేను నాలుగు రోజులు చేశాను. నిజంగానే గుర్రుమనడం ఆగిపోయింది. పది రోజుల తర్వాత గిన్నె పక్కన పడిన చెంచా తీయబోతే, చిన్న శబ్దం కూడా లేకుండా నా చేతిని కరిచింది. దాని భయం తగ్గలేదు, హెచ్చరించడం మాత్రం నేనే మాన్పించాను. వైరుతో కట్టేసి ఉంచిన కుక్క మెడని మళ్లీ లాగానే అని ఇప్పటికీ బాధపడతాను.

గుర్రుమంటే ఆగండి, పక్కకి జరగండి, ఎందుకు గుర్రుమందో నోటుబుక్‌లో రాయండి. దానికంటే ముందే చెప్పే గుర్తులు ఉంటాయి: పెదాలు నాక్కోవడం, నిద్ర రాకుండానే ఆవలించడం, తల తిప్పుకుని కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం, ఉన్నట్టుండి ఒళ్లంతా బిగపట్టి కదలకుండా నిలబడటం. ఈ చివరిది చూస్తే చేయి వెనక్కి తీసుకోండి, ఇంకేం ఆలోచించొద్దు.

గిన్నె విషయంలో మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాం. అది తింటున్నప్పుడు నాలుగడుగుల దూరంలోంచి నడుచుకుంటూ వెళ్తూ, ఆగకుండా, గిన్నెలో ఉన్నదానికంటే రుచైన ముక్క ఒకటి వేసి వెళ్లిపోవడం. మనిషి దగ్గరికి వస్తే గిన్నెలోంచి పోదు, ఇంకోటి వస్తుంది అని దానికి తెలియడానికి నెలన్నర పట్టింది. చెప్పు లాంటిది నోట కరచుకుంటే లాక్కోవద్దు, ఇంకోటి చూపించి మార్చుకోండి. మీ వల్ల కాకపోతే ట్రైనర్‌ని పిలవండి, కానీ ముందే "కుక్క తప్పు చేస్తే ఏం చేస్తారు" అని అడగండి. కొడతాం, లాగుతాం, షాక్ బెల్టు అనే జవాబు వస్తే ఇంట్లోకి రానివ్వకండి.

కరిస్తే, మీ సొంత కుక్కే అయినా, టీకాలన్నీ అయినా, గాయాన్ని కారుతున్న నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్), నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో రేబిస్ టీకా ఇస్తారు. గాయం లోతుగా ఉంటే టీకాతో పాటు గాయం చుట్టూ ఇంకో ఇంజక్షన్ కూడా అవసరం కావచ్చు, అడగండి. డాక్టర్ రాసిన తేదీల్లో ఒక్కటి కూడా మానొద్దు, రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు.

బోనాలు, నిమజ్జనం, దీపావళి

డప్పులు, డీజే, పోతురాజు కొరడా చప్పుడు, ఆ తర్వాత పటాకులు. ఊరంతా సంతోషంగా ఉండే రోజులే ఈ కుక్కలకి అన్నిటికంటే చెడ్డ రోజులు. ఊరేగింపు ఏ టైముకి మీ వీధిలోంచి వెళ్తుందో ముందే కనుక్కుని, దానికి చాలాముందే బయటికి తిప్పుకొచ్చేయండి. తర్వాత లోపలి గది, కిటికీలు మూసి, కర్టెన్లు వేసి, ఫ్యాన్ స్పీడులో, టీవీ మామూలు సౌండులో. వచ్చి మీ పక్కన చేరితే దగ్గరికి తీసుకోండి, అలా చేస్తే భయం అలవాటవుతుందనే మాట నమ్మకండి. మంచం కిందికి దూరితే వదిలేయండి. గట్టిగా వణికే కుక్క అయితే దీపావళికి నెల ముందే డాక్టర్‌ని కలవండి, భయం తగ్గించే మందులు ఉన్నాయి, ముందే ఒకసారి వేసి చూసుకోవాలి. మెడికల్ షాపులో మనుషుల నిద్రమాత్ర అడిగి మాత్రం వేయకండి.

ఎండాకాలం గురించి ఒక్క మాట, ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఆరులోపే తిప్పండి. మీ అరచేతి వెనక భాగం రోడ్డు మీద పెట్టి చూడండి, మీరు ఐదు సెకన్లు ఆగలేకపోతే దాని పాదాలూ ఆగలేవు.

కుదరకపోతే

కొన్నిసార్లు కుదరదు. ఇంట్లో పెద్దవాళ్లకి ఆరోగ్యం బాగుండదు, ఉన్న కుక్కతో రోజూ రక్తం వచ్చేలా కొట్లాటలు అవుతాయి. అలాంటప్పుడు ఆ కుక్కని ఎక్కడినుంచి తెచ్చారో వాళ్లకే ముందు చెప్పండి, ఇంకో ఇల్లు దొరికేదాకా ఉంచుకుంటామని చెప్పండి, కరిచింది ఉంటే దాచకుండా చెప్పండి. ఔటర్ రింగ్ రోడ్డు అవతల ఎక్కడో దించేసి రావడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. ఇల్లు అలవాటైన కుక్క అక్కడ ఎక్కువ రోజులు బతకదు కూడా.

అందుకే తెచ్చుకున్న రోజే మూడు నంబర్లు మీ ఫోన్‌లో పెట్టుకోండి: కుక్కని ఇచ్చినవాళ్లది, మీ డాక్టర్‌ది, రాత్రిపూట తెరిచి ఉండే క్లినిక్‌ది. ఇంట్లో పగలు ఉండేవాళ్ల ఫోన్‌లోనూ అవే పెట్టండి. మా అత్తమ్మ ఫోన్లు సరిగా వాడలేరు కాబట్టి మేం పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాం. కింద చుక్కి బరువు, అది వాడే మందుల పేర్లు కూడా ఉన్నాయి.